తొమ్మిది వరుసల ఒడంబడిక

‘ప్రమాణం’ అనే మాటలో ‘మా’ అనే ధాతువు ఉన్నది. కొలుచుట అని దాని అర్థం. అదే మాటను మనం ఒట్టు పెట్టుకొనేటప్పుడు వాడుతాము. తర్కశాస్త్రంలో ప్రత్యక్షము, అనుమానము మొదలైన జ్ఞానసాధనాలకూ వాడుతాము. కొలతకూ, ఒట్టుకూ, సాక్ష్యానికీ ఒకే పేరు పెట్టిన పూర్వుల ఊహ ఎంత చక్కనిదో నాకు బడిలో పాఠం చెప్పిన ముప్పై ఏళ్ళలో కంటే, పదవీ విరమణ తరువాత టెలికాం చరిత్ర చదువుతున్నప్పుడు బాగా తెలిసింది. తెలుగు పండితుడికి ఈ తీగల గొడవ ఎందుకయ్యా అని మిత్రులు నవ్వవచ్చు. మనం వ్రాసుకొనే అక్షరాలు దేశాలు దాటి వెళ్ళేది ఆ తీగల మీదుగానే గదా! వాటి ఛందస్సు కాస్త తెలుసుకొంటే తప్పేముంది?

గాజు తంతువులలో సమాచారం నడిచే వేగాలకు కొన్ని ప్రామాణిక సంఖ్యలున్నాయి. సెకనుకు 51.84 మెగాబిట్లు, 155.52, 622.08, 2488.32, 9953.28... ఈ వరుస చూడగానే నాకు కలిగిన సందేహమే మీకూ కలుగుతుంది. 50 అనో, 100 అనో, 1000 అనో గుండ్రని అంకెలు పెట్టుకోక ఈ దశాంశాల తోకలు ఎందుకు? ఎవరో యంత్రం ముందు కూర్చొని తోచిన అంకె నొక్కితే వచ్చినవి కావివి. ప్రతి అంకె వెనుక ఒక బేరం, ఒక పంతం, ఒక రాజీ ఉన్నాయి. (వేగమంటే ఇక్కడ వెలుగు పరుగు కాదని మనవి. గాజులో వెలుగు సెకనుకు రమారమి రెండు లక్షల కిలోమీటర్లు పోతుంది, అది ఎవరి ఒడంబడికకూ లొంగదు. సెకనులో ఎన్ని బిట్లు పంపగలమన్నదే మన ప్రస్తావన.)

కథ మనిషి గొంతు దగ్గర మొదలవుతుంది. టెలిఫోనులో మాట అర్థం కావడానికి 300 నుండి 3,400 వరకు కంపనాలు చాలునని పాతకాలపు ఇంజినీర్లే తేల్చుకొన్నారు. కొంచెం ఖాళీ వదిలి 4,000 అనుకొన్నారు. ఏ తరంగాన్నయినా దాని గరిష్ఠ కంపన సంఖ్యకు రెట్టింపు సార్లు తూచి చూస్తే మళ్ళీ యథాతథంగా కట్టుకోవచ్చునన్నది ఒక సూత్రం. కనుక సెకనుకు 8,000 సార్లు తూచాలి. ఒక్కొక్క తూకాన్ని ఎనిమిది బిట్లలో వ్రాస్తే సెకనుకు 64,000 బిట్లు. ఇలా గొంతును అంకెలుగా మార్చే పద్ధతికి పారిస్‌లో పనిచేస్తున్న ఇంగ్లీషు ఇంజినీరు ఎలెక్ రీవ్స్ 1938లో ఫ్రాన్సులో పేటెంటు తీసుకొన్నాడు. పాపం, అప్పటికి ట్రాన్సిస్టరు పుట్టనే లేదు. గాజు వాల్వులతో ఆ పని చేయబోతే ఖర్చు తడిసి మోపెడవుతుంది. ఊహ సిద్ధంగా ఉండి పరికరం కోసం పాతికేళ్ళు ఎదురుచూసింది.

ఈ 8,000 అనే సంఖ్యను గుర్తుంచుకోండి. సెకనును 8,000 భాగాలు చేస్తే ఒక్కొక్కటి 125 మైక్రోసెకన్లు. మన పద్యానికి గణం ఎటువంటిదో ఈ కథకు ఆ 125 మైక్రోసెకన్లు అటువంటివి. తరువాత వచ్చిన నిర్మాణాలు చాలావరకు ఆ లయకు కట్టుబడి నడిచినవే.

1962లో అమెరికాలో బెల్ సంస్థ షికాగో ప్రాంతంలో మొదటిసారి ఈ పద్ధతిని వాడుకలోకి తెచ్చింది. దాని పేరు టీ1. రెండు జతల రాగితీగల మీద ఒకేసారి 24 సంభాషణలు. 24ను ఎనిమిదితో హెచ్చిస్తే 192, వరుస ఎక్కడ మొదలవుతున్నదో తెలియడానికి మరొక్క బిట్టు, మొత్తం 193. దానిని 8,000తో హెచ్చిస్తే సెకనుకు 15,44,000 బిట్లు. 24 ఎందుకంటారా? అక్కడే ఉన్నది తమాషా. అమెరికా నగరాలలో భూమి క్రింద పాతిన కేబుళ్ళకు దాదాపు 6,000 అడుగులకు ఒకటి చొప్పున మ్యాన్‌హోళ్ళుండేవి. గొంతు స్పష్టంగా వినబడటానికి అదివరకే వాటిలో లోడింగు కాయిల్స్ అనే తీగచుట్టలు పెట్టి ఉన్నారు. ఆ చుట్టలు తీసివేసి అదే గుంతలలో అంకెల సంకేతాన్ని బలపరచే పెట్టెలు పెడితే కొత్తగా రోడ్లు తవ్వే పని ఉండదు. అంత దూరంలో ఆ పాత తీగ నమ్మకంగా మోయగలిగినది పదిహేను లక్షల బిట్లు. అంటే ఒక ఖండమంతా వాడిన ప్రమాణాన్ని నిర్ణయించడంలో సిద్ధాంతంతో పాటు మునిసిపల్ గుంతల మధ్య దూరానికీ వాటా ఉన్నదన్నమాట!

యూరప్ వారు కొంచెం ఆలస్యంగా కూర్చొని, రెండు యొక్క ఘాతాలంటే మక్కువ ఉన్నవారు కాబట్టి, 32 గదుల వరుస కట్టారు. ఒక గది తాళానికి, ఒక గది సంకేతాలకు, మిగిలిన 30 గొంతులకు. 32ను 64,000తో హెచ్చిస్తే 20,48,000. జపాను అమెరికా పక్షాన నిలిచింది. మన దేశం యూరప్ పద్ధతి తీసుకొన్నది. మన టెలిఫోను కార్యాలయాల్లో ‘టూ ఎంబీ’ అని నోరారా పిలిచే లంకె ఈ 2.048 మెగాబిట్లదే. గొంతును తూచే తూకంలోనూ తేడా వచ్చింది: అమెరికా, జపానులది మ్యూ-లా, యూరప్, మనదేశాలది ఏ-లా. ఈ రెండు లోకాల మధ్య ఫోను మాట్లాడితే ఒక తూకాన్ని మరొక తూకంలోకి మార్చాలి. ఆ మార్పిడి భారం మ్యూ-లా వాడే దేశాలదే అని అంతర్జాతీయ నియమం. డల్లాసులోని కొడుకు గుంటూరులోని తల్లికి ఫోను చేస్తే, దారంతా డిజిటల్ అయినప్పుడు, అనువాదం చేసే బాధ్యత కొడుకు ఉన్న దేశానిది. ఈ నియమం చదివినప్పుడు నాకెందుకో ముచ్చట వేసింది.

ఇక పెద్ద కట్టల సంగతి. నాలుగు చిన్న వాహినులను కలిపి ఒక పెద్ద వాహిని చేయాలి. 2.048ని నాలుగుతో హెచ్చిస్తే 8.192 కావాలి గదా. కాని ప్రామాణిక వేగం 8.448. ఆ పైన 34.368, ఆ పైన 139.264. ఎక్కడా హెచ్చవేత సరిపోదు. కారణమేమంటే ఒక్కొక్క ఊరి యంత్రానిది ఒక్కొక్క గడియారం. వాటి మధ్య పది లక్షలకు 50 పాళ్ళు హెచ్చుతగ్గులు అనుమతించారు, 2.048 దగ్గర అది సెకనుకు ఇంచుమించు నూరు బిట్ల తేడా. ముందుకు పోయేవాడికీ వెనుకబడేవాడికీ సర్దుబాటుగా నడుమ ఉత్తుత్తి బిట్లు కూరేవారు. మన పద్యాల్లో గణం చాలక ‘ఆ’, ‘తా’ అని వ్యర్థపదాలు దూర్చే కవులను చూశాము గదా, అదే పని! అమెరికాలో 1.544 నుండి 6.312, అక్కడి నుండి 44.736. జపానులో 6.312 తరువాత దారి మారి 32.064, 97.728. ఒక్క భూగోళం మీద మూడు నిచ్చెనలు, పై మెట్లలో ఏదీ మరో నిచ్చెన మెట్టుకు తగలదు.

ఈ పద్ధతికి ‘ప్లీసియోక్రోనస్’ అని గ్రీకు పేరు పెట్టారు. ఇంచుమించు సమకాలికం అని అర్థం. ఆ ‘ఇంచుమించు’లోనే కష్టమంతా ఉన్నది. కూరిన బిట్లు ఎక్కడెక్కడ ఉన్నాయో పై మెట్టు నుండి కనబడదు కనుక, 139 మెగాబిట్ల ప్రవాహంలో నుండి నడుమ ఊరికి ఒక్క రెండు మెగాబిట్ల పాయ దింపాలంటే మెట్టుమెట్టుగా మొత్తం విప్పి, ఆ పాయ తీసుకొని, మిగిలినదంతా మళ్ళీ కట్టి పంపాలి. బండెడు బస్తాలలో అడుగున ఉన్న పెసల మూట కోసం ప్రతి ఊళ్ళోనూ బండి దింపి ఎత్తినట్లు.

రాగి ఉన్నంత కాలం ఈ కష్టం భరించారు. గాజు వచ్చి కథ మార్చింది. 1966లో ఇంగ్లండులోని హార్లోలో పనిచేస్తున్న చార్లెస్ కావ్, జార్జ్ హాక్‌హామ్ ఒక వ్యాసంలో, గాజులో మలినాలు తగ్గించి కిలోమీటరుకు 20 డెసిబెళ్ళ నష్టం దగ్గరకు తేగలిగితే వెలుగుతో టెలిఫోను నడపవచ్చునన్నారు. 1970లో అమెరికాలోని కార్నింగ్ సంస్థలో మౌరర్, కెక్, షుల్జ్ అనే ముగ్గురు ఆ గీత దాటారు. కావ్‌కు 2009లో నోబెల్ బహుమతి వచ్చింది. 1977లో కాలిఫోర్నియాలోని లాంగ్ బీచ్‌లో ఆరు మెగాబిట్లతోను, షికాగోలో 45తోను జనం మాటలు గాజు వెంట నడిచాయి. ఆ పైన పదేళ్ళలో పరికరాల సంస్థ ఒక్కొక్కటి ఒక్కొక్క వేగం: 90, 135, 405, 417, 565... ఎవరి లేజరు వారిది, ఎవరి వరుస వారిది. ఒక సంస్థ పెట్టె పంపిన వెలుగును మరొక సంస్థ పెట్టె చదవలేదు. తీగ రెండు చివరలా ఒకే దుకాణం సరుకు కొనవలసిందే. యూనికోడుకు ముందు ఒక పత్రిక ఖతిలో కూర్చిన తెలుగు మరొక కంప్యూటరులో చదరపు గళ్ళుగానూ, పిచ్చి గీతలుగానూ కనబడి కుస్తీ పట్టిన మనవాళ్ళకు ఈ బాధ విడమరచి చెప్పనక్కరలేదు.

1984 జనవరి 1న అమెరికాలో ఏటీ అండ్ టీ మహాసంస్థను కోర్టు ఒప్పందం ప్రకారం విడగొట్టారు. స్థానిక సేవలు ఏడు ప్రాంతీయ సంస్థలకు పోయాయి. దూరప్రాంత సేవలో ఎంసీఐ వంటి పోటీదారులు నిలిచారు. ఉమ్మడి కుటుంబంలో ఉన్నన్నాళ్ళు పెద్దాయన చెప్పిన కొలతే కొలత. వేరు పడ్డాక పొలం గట్టు మీద నీళ్ళ కాలువ ఎక్కడ కలవాలన్నది తగాదా. ఇక్కడ కూడా ఒక సంస్థ తంతువు మరొక సంస్థ తంతువుతో నడిమధ్యలో కలవాలి, రెండు వైపులా వేరువేరు పెట్టెలున్నా సరే. ఎంసీఐ 1984లోనే దీనికి ప్రమాణం కావాలని పట్టుబట్టింది. ప్రాంతీయ సంస్థల ఉమ్మడి పరిశోధనాలయమైన బెల్‌కోర్ 1985లో ఒక ప్రతిపాదన తెచ్చింది. రాడ్నీ బోమ్, యావ్ చౌ చింగ్ అనే ఇద్దరి పేర్లు దానితో ముడిపడి ఉన్నాయి. దాని పేరు సోనెట్: సింక్రనస్ ఆప్టికల్ నెట్‌వర్క్. పధ్నాలుగు పాదాల ఇంగ్లీషు పద్యానికీ అటువంటి పేరే ఉన్నదని వారికి తోచిందో లేదో గాని, నాబోటి వాడికి మాత్రం మొదటిసారి ఆ పేరు చూడగానే ఇదేదో కవుల వ్యవహారమనిపించింది.

ముందుగా అనుకొన్న వేగం 50.688. ఏటీ అండ్ టీ తన సొంత పథకంతో 146.432 అన్నది. బేరసారాల తరువాత 49.92 దగ్గర అమెరికా ఇంజినీర్లు కుదురుకొన్నారు. చిత్రపటం గీస్తే, 125 మైక్రోసెకన్లకు ఒక పలక, పలకకు 13 వరుసలు, 60 నిలువు గదులు, గదికొక బైటు. 13ను 60తో, దానిని 64,000తో హెచ్చించి చూడండి, సరిగ్గా 49.92 మెగాబిట్లు వస్తుంది. పని దాదాపు ముగిసిందనుకొన్నారు.

అప్పుడు ఇది ప్రపంచ ప్రమాణం కూడా కావాలన్న ఆలోచన వచ్చింది. వేదిక సీసీఐటీటీ, అంటే అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్‌కు చెందిన సలహా సంఘం. ఆ యూనియన్ 1865లో పారిస్‌లో తంతి తగాదాలు తీర్చుకోవడానికి పుట్టినదే. 1987లో రెండు పలకలు ఎదురెదురుగా నిలిచాయి. అమెరికాది 13 వరుసలు, 180 గదులు: 149.76. యూరప్‌ది 9 వరుసలు, 270 గదులు: 155.52.

ఇంత చిన్న తేడాకు అంత పట్టుదల ఎందుకు? ఇది నాకు అన్నిటికంటే రుచించిన భాగం కనుక కొంచెం సావకాశంగా చెబుతాను. పలకలో చిన్న వాహినిని పెట్టేది నిలువు గదులలో. అమెరికా టీ1కు 125 మైక్రోసెకన్లలో 24 బైట్లు, ఒక బిట్టు కావాలి. 13 వరుసల పలకలో రెండు నిలువులు తీసుకొంటే 26 గదులు. బట్ట కుట్టినట్లు సరిపోయింది. యూరప్ వాహినికి 32 బైట్లు కావాలి. రెండు నిలువులు చాలవు, మూడు తీసుకొంటే 39. ఏడు గదులు వృథా. అదే 9 వరుసల పలకలో నాలుగు నిలువులు తీసుకొంటే 36; యూరప్‌కు సుఖం. అమెరికాకు మూడు నిలువులు తీసుకొంటే 27, అదీ సుఖమే! అంటే పదమూడు ఒకరికి మాత్రమే అమరే చొక్కా. తొమ్మిది ఇద్దరికీ అమరేది. ఇది లెక్క తేల్చిన తీర్పు. కాని లెక్క తేలినంత మాత్రాన పంతాలు వీగిపోతాయా? అమెరికాలో సంఘాలు, ఉపసంఘాలు కూర్చొని ఏళ్ళ తరబడి చెక్కిన ముసాయిదా అది. చిప్పుల పథకాలు గీస్తున్నారు. పైగా తొమ్మిదికి ఒప్పుకొంటే మూల వేగం 49.92 నుండి 51.84కు పెరుగుతుంది, మోసే సరుకు మాత్రం అదే 44.736. ప్రతి వాహినిలో సెకనుకు దాదాపు 19 లక్షల బిట్లు కేవలం ఒప్పందం కోసం అదనంగా మోయాలి.

ఒప్పుకోకపోతే ఏమయ్యేది? రాగి కాలంలోని మూడు నిచ్చెనలు గాజులోనూ శాశ్వతమయ్యేవి. మహాసముద్రాల అడుగున వేసే ప్రతి తంతువు చివర ఒక దుబాసీ యంత్రం కూర్చొనేది. అంతర్జాలం విస్తరించబోతున్న దశాబ్దానికి ముందుమాట అదయ్యేది.

1988 ఫిబ్రవరిలో సియోల్‌లో సమావేశం జరిగింది. రాయబారం అనగానే మనకు ఉద్యోగపర్వమే గుర్తుకు వస్తుంది, అంటే విఫలమైన సంధి. సియోల్‌లో మాత్రం సంధి కుదిరింది. 9 వరుసలు, 270 గదులు, 155.52 మెగాబిట్లు. అమెరికా తన పదమూడు వరుసలు చెరిపి తొమ్మిదిగా తిరిగి గీసుకొన్నది. యూరప్ తన నిర్మాణంలో అమెరికా, జపానుల 1.5, 45 మెగాబిట్ల వాహినులకు స్థానం ఇచ్చింది. 155.52లో మూడవ వంతు అయిన 51.84 అమెరికా తన తొలి మెట్టుగా ఉంచుకొన్నది. ఆ ఏడు నవంబరులో మెల్‌బోర్న్ మహాసభలో జీ.707, 708, 709 అనే మూడు సిఫారసులుగా ఇది ఆమోదం పొందింది. అమెరికాలో సోనెట్ పేరే నిలిచింది. మిగిలిన ప్రపంచంలో ఎస్‌డీహెచ్. మెట్లకు అక్కడ ఓసీ-3, ఓసీ-12, ఓసీ-48. ఇక్కడ ఎస్‌టీఎం-1, ఎస్‌టీఎం-4, ఎస్‌టీఎం-16. వేగాలు మాత్రం ఒకటే. ఈ బేరంలో ఎక్కువ తగ్గింది అమెరికాయేనని నా అభిప్రాయం. బలవంతుడు తన దగ్గర సిద్ధంగా ఉన్న ముసాయిదాను చించి తిరిగి వ్రాసుకోవడం సామాన్యంగా చరిత్రలో కనబడదు. వారి వ్యాపారానికీ అందులో లాభమున్నదనుకోండి, అయినా సరే.

ఈ నిచ్చెనలో ప్రతి మెట్టూ క్రింది మెట్టుకు సరిగ్గా నాలుగింతలు: 155.52, 622.08, 2488.32, 9953.28, ఆ పైన 39813.12. కూరిన బిట్ల వలన పెరిగే తోకలు లేవు. గడియారాలన్నీ అంతిమంగా సీసియం అణుగడియారాన్ని అనుసరిస్తాయి. పదివేల కోట్లలో ఒక పాలు కంటే ఎక్కువ తప్పకూడదని నియమం. అయినా ప్రపంచంలో ఏ రెండు గడియారాలూ సరిగ్గా ఒకటి కావు. ఆ మిగిలిన వెంట్రుకవాసి కోసం చేసిన ఏర్పాటుకు పాయింటరు అని పేరు. పలక ఎప్పుడూ నిర్ణీత స్థానంలోనే మొదలవుతుంది. లోపలి సరుకు మాత్రం పలకలో ఎక్కడైనా మొదలై తరువాతి పలకలోకి పారవచ్చు. ఎక్కడ మొదలైందో పలక తలకట్టులో ఒక సంఖ్య చెబుతుంది. మన తెలుగు పద్యమూ ఇంతే గదా! సంస్కృత శ్లోకంలో పాదాంతంలో పదం ఆగుతుంది. తెలుగు ఉత్పలమాలలో పాదం ఇరవై అక్షరాలకు ముగిసినా పదం ఆగదు, విరిగి క్రింది పాదంలోకి జారుతుంది. పాదం పాదమే, పదం పదమే. రెండూ ఒకదాని మీద ఒకటి తేలుతూ పోతాయి. పాయింటరు సంగతి చదివినప్పుడు ఇంజినీర్లకు నన్నయ తెలిస్తే బాగుండుననిపించింది.

పాయింటరు వలన బండి దింపే బాధ తీరింది. రెండు మెగాబిట్ల మూట ఎక్కడ ఉన్నదో నేరుగా చూసి తీసుకోవచ్చు. తంతువులను వలయాలుగా వేసి, ఒకవైపు తెగితే 50 మిల్లీసెకన్లలో రెండవవైపుకు మళ్ళించే ఏర్పాటూ దీనితోనే ప్రసిద్ధి పొందింది. రెప్పపాటు కంటే తక్కువ అది.

అట్లాంటిక్ అడుగున మొదటి గాజు కేబులు టీఏటీ-8 1988 డిసెంబరులో ప్రారంభమైంది. సంధి కుదిరిన ఏడాదే అయినా, అది పాత పద్ధతిలో 280 మెగాబిట్లది. 1994లో ముంబయి చేరిన సీ-మీ-వీ 2 కూడా పాతదారి 560దే. ముంబయి, కొచ్చిన్‌లను తాకిన సీ-మీ-వీ 3 వచ్చేనాటికి 2.5 గిగాబిట్ల కొత్త మెట్టు సముద్రంలోకి దిగింది. హైదరాబాదు సాఫ్ట్‌వేరు కంపెనీలు ‘మేము ఎస్‌టీఎం-1 తీసుకున్నాము’ అని దర్పంగా చెప్పుకొనే రోజులుండేవి. ఆ ఎస్‌టీఎం-1 సియోల్‌లో గీసిన పలకే.

ఇంతలో మరొక వంశం పెరిగింది. 1973లో జెరాక్స్ పరిశోధనాలయంలో పుట్టిన ఈథర్నెట్ కార్యాలయాల లోపలి తీగ. దాని నిచ్చెన పదింతలది: 10, 100, 1998కి 1000 మెగాబిట్లు. 2002లో అది పది గిగాబిట్లకు ఎక్కినప్పుడు టెలిఫోను వారి 9.95328 ఎదురైంది. ఎంత దగ్గరి బంధువులు! కాని ఒకరి చొక్కా మరొకరికి పట్టదు. చివరికి ప్రమాణంలో రెండు రూపాలూ పెట్టారు, నిండు పది గిగాబిట్లది ఒకటి, 9.95328కు తగ్గినది మరొకటి. జనం అధికంగా మొదటిదే కొన్నారు. 2010లో 40, 100 రెండూ కలిపి ప్రకటించారు, 2017లో 200, 400, 2024లో 800. పదింతల వంశం కూడా చివరకు రెట్టింపుల దారి పట్టింది.

సోనెట్, ఎస్‌డీహెచ్ పెట్టెలు ఇప్పుడు ఒక్కొక్కటే కట్టేస్తున్నారు. వాటి పైన 2001లో వచ్చిన ఓటీఎన్ అనే నిర్మాణం జీ.709 సంఖ్యతోనే ఉన్నది, పాత జీ.709 విషయం 1996లో జీ.707లో కలిసిపోగా ఖాళీ అయిన సంఖ్యను దీనికి ఇచ్చారు. ఇంటి పేరు మారినా ఇంటి నంబరు మిగిలినట్లు! ఓటీఎన్ 125 మైక్రోసెకన్ల లయను వదిలివేసింది. పలక పరిమాణం స్థిరం, వేగం పెరిగేకొద్దీ వ్యవధి తగ్గుతుంది. అయినా దాని నూరు గిగాబిట్ల మెట్టును నిర్వచించే సూత్రంలో కూర్చున్న సంఖ్య 99.5328. అది 2.48832కు నలభై రెట్లు, 51.84 మెగాబిట్లకు 1,920 రెట్లు.

మన ఊళ్ళలో ఇంటింటికీ గాజు తీగ వేసి గోడకు బిగించే తెల్లపెట్టెలలో చాలావాటిది జీపాన్ అనే పద్ధతి. ఎక్స్ఛేంజి నుండి ఇళ్ళ వైపుకు దాని వేగం సెకనుకు 2488.32 మెగాబిట్లు. ఆ వెలుగు 125 మైక్రోసెకన్లకు ఒకసారి, సెకనుకు 8,000 సార్లు, కొత్త పలక మొదలుపెడుతుంది. పలకకు 38,880 బైట్లు.